నాన్న ట్యాబ్ బ్యాకప్‌లోంచి పాస్‌వర్డ్‌లు తిరిగి తెచ్చుకోవడానికి పట్టిన ఐదు వారాలు – నా అనుభవం

2025 జనవరి 12, ఆదివారం సాయంత్రం. నాన్న టేబుల్ మీద ట్యాబ్ పెట్టుకుని ఏదో చదువుకుంటూ మంచినీళ్ల గ్లాసు దాని మీద ఒలకబోశారు. ట్యాబ్ వెంటనే పోలేదు. తుడిచి పక్కన పెట్టాం, రాత్రి దాకా బాగానే పనిచేసింది. పొద్దున లేచి చూస్తే తెర నల్లగా ఉంది. ఛార్జర్ పెట్టినా ఉలుకూ పలుకూ లేదు.

అది 2018లో వచ్చిన 9.7 అంగుళాల ఐప్యాడ్, ఆరో తరం. పాతది కదా, పోతే పోయిందిలే అనుకున్నాను. నాన్న మాత్రం నెమ్మదిగా, "అమ్మాయ్, నా పాస్‌వర్డ్‌లన్నీ అందులోనే ఉన్నాయి" అన్నారు.

అన్నీ అంటే నిజంగా అన్నీ. ఏ సైట్‌లో ఖాతా తెరిచినా ట్యాబ్ "ఈ పాస్‌వర్డ్ సేవ్ చేయనా?" అని అడగడం, ఆయన సరే అనడం, ఆ తర్వాత మర్చిపోవడం. పాస్‌వర్డ్‌లని ఇంటర్నెట్ ద్వారా మన ఆపిల్ పరికరాలన్నింటికీ అందించే ఐక్లౌడ్ కీచైన్ ఆన్‌లో ఉండి ఉంటే నేను ఇదంతా రాసే పనే ఉండేది కాదు. కొత్త ట్యాబ్‌లో లాగిన్ కాగానే అన్నీ వాటంతటవే వచ్చేవి. కానీ "నా తాళాలు ఎవరి దగ్గరో ఎందుకు?" అని ఎప్పుడో దాన్ని ఆపేశారు. ఆయన్ని తప్పుపట్టలేను, నేనూ అలాగే అనుకునేదాన్ని.

మొదటి మూడు రోజుల్లో ముఖ్యమైన ఖాతాలన్నింటికీ "పాస్‌వర్డ్ మర్చిపోయాను" నొక్కి కొత్తవి పెట్టేశాం. ఫోన్ నంబర్ నాన్న దగ్గరే ఉంది కాబట్టి డబ్బుకు సంబంధించినవి వెంటనే అయిపోయాయి. అలా 14 అయ్యాయి. ఆగిపోయింది ఒక్క పాత మెయిల్ దగ్గర. 2006లో తెరిచిన ఖాతా. దానికి ఇచ్చిన ఫోన్ నంబర్ వాడకం మానేసి చాలా ఏళ్లయింది. పాత స్నేహితుల ఉత్తరాలు, తాతయ్య చేతిరాత కాగితాల స్కాన్‌లు, ఆయన తనకు తానే పంపుకున్న నోట్సు, అన్నీ అందులోనే. జనవరి 15న ఖాతా తిరిగి ఇవ్వమని ఫారం నింపాం. 18న "మీరే యజమాని అని నిర్ధారించలేకపోయాం" అని జవాబు వచ్చింది. 21న మళ్లీ నింపాం. మళ్లీ అదే జవాబు, అక్షరం మారకుండా.

ఈలోగా 14న ట్యాబ్‌ని రిపేరుకు ఇచ్చాను. రెండు రోజుల్లో చెప్తామన్నవాళ్లు తొమ్మిది రోజులు తీసుకుని, 23న బోర్డు పోయింది, డేటా రాదని తేల్చారు. ఆ తొమ్మిది రోజుల్లో బ్యాకప్ సంగతి నాకు తట్టనే లేదంటే నమ్ముతారా? "లాప్‌టాప్‌లో ఎక్కించేవాళ్లం కదా అప్పుడప్పుడూ" అని గుర్తుచేసింది నాన్నే.

వెతికితే ఒకటి కాదు, రెండు దొరికాయి. లాప్‌టాప్‌లో 2024 ఆగస్టు 18న తీసినది ఒకటి. పాత లాప్‌టాప్ మార్చినప్పుడు హార్డ్ డిస్క్‌లోకి కాపీ చేసి పెట్టిన 2020 ఫిబ్రవరి నాటిది ఇంకొకటి. విండోస్‌లో ఇవి ఉండే చోటు మామూలుగా కనపడదు. యూజర్ ఫోల్డర్‌లో దాచి ఉంచిన యాప్‌డేటా, అందులో రోమింగ్, అందులో యాపిల్ కంప్యూటర్, మొబైల్‌సింక్, బ్యాకప్. అక్కడ 40 అక్షరాల పొడుగు పేరుతో ఒక ఫోల్డర్ ఉంటుంది. ఆ పేరు పరికరాన్ని బట్టి వస్తుంది, తేదీని బట్టి కాదు. అంటే నా రెండు బ్యాకప్‌లకీ ఒకటే పేరు. హార్డ్ డిస్క్‌లోది తెచ్చి ఇక్కడ పేస్ట్ చేయబోతే "ఇదే పేరుతో ఫోల్డర్ ఉంది, ఫైళ్లు మార్చేయనా?" అని అడిగింది. వేలు ఎంటర్ మీదే ఉంది. ఆ ఒక్క నొక్కుతో ఆగస్టు బ్యాకప్ చెడిపోయి ఉండేది. తర్వాత రెండింటికీ వేరే డిస్క్‌లో ఒక్కో నకలు తీసి, అప్పుడు మొదలుపెట్టాను.

జనవరి 25, శనివారం కొత్త ఐప్యాడ్ వచ్చింది. ఆగస్టు బ్యాకప్ నుంచి తెచ్చుకుందామని, కంప్యూటర్‌లో బ్యాకప్‌లు తీసి ఎక్కించే ఆపిల్ ప్రోగ్రాం ఐట్యూన్స్‌లో నొక్కితే చిన్న పెట్టె వచ్చింది: బ్యాకప్ తెరవడానికి పాస్‌వర్డ్ ఇవ్వండి.

"నాన్నా, దీనికి పాస్‌వర్డ్ పెట్టారా?"

"నేనేం పెట్టలేదమ్మా."

"మీరు కాకపోతే ఇంకెవరు పెడతారు?"

"అదే పెట్టుకుని ఉంటుంది."

ఆయన ఆపిల్ ఖాతా పాస్‌వర్డ్ కొట్టాం, కాదంది. ట్యాబ్ తెరిచే ఆరంకెల కోడ్, కాదు. లాప్‌టాప్ పాస్‌వర్డ్, అదీ కాదు. నిజానికి బ్యాకప్ పాస్‌వర్డ్‌కి వీటిలో దేనితోనూ సంబంధం లేదు. ఐట్యూన్స్‌లో బ్యాకప్‌ని ఎన్‌క్రిప్ట్ చేయమని, అంటే తాళం వేయమని, టిక్ పెట్టిన రోజున అప్పటికప్పుడు ఇచ్చుకునే పాస్‌వర్డ్ అది. ఆ సెట్టింగ్ ట్యాబ్‌లోనే ఉండిపోతుంది. ఒకసారి పెట్టాక ఏ కంప్యూటర్‌కి తగిలించినా ప్రతి బ్యాకప్ ఆ తాళంతోనే పడుతుంది, మళ్లీ ఆ పాస్‌వర్డ్ అడగకుండా. బ్యాకప్ తిరిగి ఎక్కించే రోజు దాకా అలాంటిది ఒకటుందని గుర్తుచేసేదే ఉండదు.

సరే, పాతదానికి తాళం లేదు కదా అని 2020 బ్యాకప్ ఎక్కించాను. గంటా యాభై నిమిషాలు పట్టింది. ఫొటోలు వచ్చాయి, నోట్సు వచ్చాయి, తెర మీద యాప్‌ల అమరిక కూడా నాన్న పెట్టుకున్నట్టే వచ్చింది. ఆయన ముఖం వెలిగిపోయింది. పాస్‌వర్డ్స్ యాప్ తెరిచాను. ఖాళీ. మెయిల్ ఖాతాల పేర్లు ఉన్నాయి కానీ ఒక్కోటీ పాస్‌వర్డ్ అడుగుతోంది. ఇంట్లో వై-ఫై పాస్‌వర్డ్ కూడా లేదు.

ఆ రాత్రి రెండింటి దాకా చదివితే అర్థమైంది. తాళం వేయని బ్యాకప్‌లో కూడా పాస్‌వర్డ్‌లు ఉంటాయి. కాకపోతే అవి ఆ ట్యాబ్ చిప్‌లో మాత్రమే ఉండే తాళంచెవితో మూసి ఉంటాయి. అదే ట్యాబ్‌లోకి తిరిగి ఎక్కిస్తే వస్తాయి, ఇంకో ట్యాబ్‌లోకి రావు. తాళం వేసిన బ్యాకప్‌లో అవి మనమిచ్చిన పాస్‌వర్డ్‌తో మూసి ఉంటాయి కాబట్టి ఏ ట్యాబ్‌లోకైనా వస్తాయి. ఎక్కడా అడ్డం లేని బ్యాకప్ నాకు పనికిరానిది, పనికొచ్చేదానికి తాళం. చచ్చిన ట్యాబ్ ఎలాగూ లేవదు.

మర్చిపోయిన బ్యాకప్ పాస్‌వర్డ్‌ని ట్యాబ్ సెట్టింగ్స్‌లోకి వెళ్లి, సెట్టింగ్స్ అన్నీ రీసెట్ చేసి తీసేయవచ్చని చాలామంది చెప్పారు. నిజమే, ఆపిల్ ఫోన్లని, ట్యాబ్‌లని నడిపే సాఫ్ట్‌వేర్ ఐఓఎస్‌లో 11వ వెర్షన్ నుంచి ఆ వీలుంది. కానీ అది ఇకపై తీసే బ్యాకప్‌లకే వర్తిస్తుంది. పాత బ్యాకప్ పాత పాస్‌వర్డ్‌తోనే ఉంటుంది. ఆ రీసెట్ చేయడానికైనా బతికున్న ట్యాబ్ కావాలి. ఇంకొకరు ఆపిల్ కంప్యూటర్ మ్యాక్‌లో పాస్‌వర్డ్‌లు దాచే కీచైన్ యాక్సెస్ అనే యాప్‌లో చూడమన్నారు. బ్యాకప్ మ్యాక్ మీద తీసి, పాస్‌వర్డ్‌ని గుర్తుపెట్టుకోమని టిక్ పెట్టి ఉంటే అక్కడ దొరుకుతుంది. మీది మ్యాక్ అయితే మొట్టమొదట అక్కడే చూడండి. మాది విండోస్.

జనవరి 27 నుంచి ఫిబ్రవరి 1 దాకా చేత్తోనే ప్రయత్నించాం. రాత్రి భోజనాలయ్యాక నాన్న కుర్చీ జరుపుకుని కూర్చోవడం, ఒక్కోటీ చెప్పడం, నేను కొట్టడం, కాదన్నదాన్ని నోట్‌బుక్‌లో కొట్టేయడం. మొత్తం 64. ఎన్నిసార్లు తప్పు కొట్టినా లాక్ అవలేదు, అదొక్కటే ఊరట. నాలుగో రోజుకి ఆయన విసుక్కోవడం మొదలైంది. ఆరో రోజుకి నేనూ ఒక మాట తూలాను. "ప్రతిదానికీ సరే నొక్కేస్తారు, ఏం నొక్కారో చూసుకోరు" అన్నాను. ఆయన ఏమీ అనకుండా లేచి వెళ్లి పడుకున్నారు. ఈ మొత్తం వ్యవహారంలో ఖర్చంటే నాకు ముందు గుర్తొచ్చేది ఆ రాత్రే.

డబ్బు ఖర్చు మర్నాడు, ఫిబ్రవరి 2న. బ్యాకప్ పాస్‌వర్డ్ కనిపెడతామనే సాఫ్ట్‌వేర్ ఒకటి కొన్నాను. ఉచిత నమూనాలో బ్యాకప్‌ని గుర్తుపట్టి, "తెరవవచ్చు, పూర్తి వెర్షన్ కొనండి" అని పచ్చ రంగులో చూపించింది. కొన్నాక నడిపిస్తే సున్నా శాతం దగ్గర ఒకటిన్నర రోజు కూర్చుంది. వాళ్ల దగ్గరున్నది ఇంగ్లీషు మాటల జాబితా. నాన్న ఇంగ్లీషు మాట పెట్టి ఉండరని నాకు ముందే తెలుసు. తెలిసీ కొన్నాను, ఆ పచ్చ రంగు అలాంటిది. డబ్బు వెనక్కి ఇమ్మని రాస్తే మూడు వారాల తర్వాత సగం ఇచ్చారు.

ఫిబ్రవరి 8న పిన్ని కొడుకు ఫోన్ చేశాడు. ప్రోగ్రామింగ్ పనిలో ఉన్నాడు. విషయమంతా విని, "అక్కా, అది ఎందుకంత నెమ్మదో తెలుసా?" అన్నాడు. ఐఓఎస్ 10.2 నుంచి ఈ బ్యాకప్‌లో ఒక్క పాస్‌వర్డ్ సరైనదో కాదో చూడాలంటే ఒకే లెక్కని కోటిసార్లు చేయాలట. ఊహల మీద ఊహలు వేస్తూ తెరవకుండా ఉండడానికే అలా కట్టారు. ఐట్యూన్స్ ప్రతిసారీ కాసేపు ఆగి కాదనేది ఎందుకో అప్పుడు తెలిసింది. నా లాప్‌టాప్ మీద ఒక్కో ప్రయత్నానికి ఐదు సెకన్లు. ఎనిమిది అక్షరాల కలయికలన్నీ వరసపెట్టి చూద్దామంటే మా జీవితాలు చాలవు.

"కాబట్టి మొత్తం వెతకొద్దు. పెదనాన్న ఏం పెట్టి ఉంటారో జాబితా రాయి, మిగతాది నేను చూస్తాను" అన్నాడు. మేనిఫెస్ట్ అనే ఒక్క చిన్న ఫైలు చాలని, 41 జీబీ బ్యాకప్‌ని ముట్టుకోనక్కర్లేదని చెప్పి, పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో చిన్న ప్రోగ్రాం రాసి పంపాడు.

జాబితాకి కూర్చుంటే అసలు చిక్కు అక్కడ తెలిసింది. నాన్న పాస్‌వర్డ్‌లన్నీ తెలుగు మాటలే, ఇంగ్లీషు అక్షరాల్లో. అసలు మాట ఇక్కడ చెప్పను గానీ "తాతయ్య" అనుకోండి. ఇంగ్లీషులో ఎలా రాస్తారు? 'త'కి ఉత్త టీ రాయొచ్చు, టీ హెచ్ రాయొచ్చు. దీర్ఘానికి ఒక ఏ, లేకపోతే రెండు. చివరి 'య్య'కి ఒక వై పెడతారా, రెండు వైలా, చివర ఏ ఉంటుందా? మొదటి అక్షరం పెద్దదా, చిన్నదా? మాటకీ అంకెకీ మధ్య ఎట్ గుర్తు (@) ఉంటుందా, చుక్కా? అంకె ఏది, పుట్టిన సంవత్సరమా, ఇంటి నంబరా? ఒక్క మాట సుమారు 2,300 అవతారాలెత్తింది. తొమ్మిది మాటలకి కలిపి 20,736. ఐదేసి సెకన్ల చొప్పున దాదాపు 29 గంటలు.

ఆ రాత్రి తొమ్మిదింటికి నడిపించి పడుకున్నాను. పొద్దున ఏడింటికి చూస్తే లాప్‌టాప్ నలభై నిమిషాలకే నిద్రపోయి ఉంది. పవర్ సెట్టింగ్స్‌లో స్లీప్ తీసేయాలని నాకు తట్టలేదు, తమ్ముడూ చెప్పలేదు. మళ్లీ మొదలైంది. ఆ ఆదివారమంతా ఫ్యాన్ చప్పుడు వింటూ పది నిమిషాలకోసారి వెళ్లి చూసేదాన్ని. టెన్షన్‌తో ఏ పనీ చేయబుద్ధి కాలేదు. 10న, సోమవారం పదకొండింటికి ముగిసింది. దొరకలేదు.

ప్రోగ్రామే తప్పేమోనని అనుమానం వచ్చింది. తమ్ముడే దారి చెప్పాడు. కొత్త ఐప్యాడ్‌కి తెలిసిన పాస్‌వర్డ్‌తో తాళం వేసి బ్యాకప్ తీశాం. జాబితాలో ఆ పాస్‌వర్డ్‌ని మధ్యలో ఎక్కడో పెట్టి నడిపించాం. ఠక్కున పట్టింది. ప్రోగ్రాంలో తప్పు లేదు, జాబితాలోనే ఉంది. ఈ పరీక్ష మొదట్లోనే చేసి ఉంటే ఆ 29 గంటలూ కాస్త ప్రశాంతంగా గడిచేవి.

13న రాత్రి నాన్న నాకు పంపిన పాత మెసేజ్‌లు చదువుతున్నాను. పాస్‌వర్డ్ కోసం కాదు, ఊరికే. ఒక మెసేజ్‌లో "అన్నయ్య ఫోన్ చేశాడు" అని ఇంగ్లీషు అక్షరాల్లో రాశారు. 'అన్నయ్య' చివర వై లేనే లేదు. ఐ, ఏ, హెచ్. పాతకాలం వాళ్లు సర్టిఫికెట్లలో రామయ్య, సుబ్బయ్య పేర్లు రాసే పద్ధతి! నేను రాసిన 20,736 రూపాల్లో ఈ ఐ-ఏ-హెచ్ ఒక్కచోటా లేదు. నా చేతికి వచ్చినట్టు రాసుకుంటూ పోయాను తప్ప, ఆయన చేతికి ఎలా వస్తుందో చూడలేదు.

లేచి కూర్చుని నాలుగేళ్ల మెసేజ్‌లు వెనక్కి లాగాను. 'త' వస్తే ప్రతిసారీ టీ హెచ్. దీర్ఘానికి రెండో ఏ ఎక్కడా పెట్టలేదు. ఇంకొకటి కూడా, అన్నేళ్లుగా చూస్తున్నా నా కళ్లకి ఆననిది. ఏం రాసినా చివర చుక్క పెడతారు. "సరే" అన్న ఒక్క మాట పంపినా దాని వెనక చుక్క.

తమ్ముడికి చెప్తే పడీపడీ నవ్వాడు. మాటలు మూడుకి తగ్గాయి, 'య్య'తో ముగిసేవే. చివర చుక్క ఉన్నది, లేనిది చేరిస్తే మొత్తం 576. అంటే 48 నిమిషాలు.

ఫిబ్రవరి 15, శనివారం పొద్దున నడిపించాను. నాన్నకి చెప్పలేదు, మళ్లీ ఆశపెట్టడం ఇష్టం లేక. 31వ నిమిషంలో ఫ్యాన్ చప్పుడు తగ్గింది. తెర మీద ఒకే ఒక్క వరస. టీ హెచ్, ఐ ఏ హెచ్, నాలుగంకెలు, చివర చుక్క. కళ్లలో నీళ్లు తిరిగాయి. పాస్‌వర్డ్ దొరికినందుకేనా అంటే ఏమో, ఆ చుక్కని చూసి.

వెంటనే ఎక్కించేయాలనిపించింది కానీ ఆగాను. బ్యాకప్ ఎక్కిస్తే ఐప్యాడ్‌లో ఇప్పుడున్నదంతా చెరిగిపోతుంది. మూడు వారాల్లో నాన్న తీసిన ఫొటోలు లాప్‌టాప్‌లోకి దించాను. పోయిన ట్యాబ్‌ని వెతికిపెట్టే ఫైండ్ మై ఆపాను, అది ఆన్‌లో ఉంటే ఎక్కించనివ్వదు. ఇంకో మాట, ఎక్కించే ట్యాబ్‌లోని సాఫ్ట్‌వేర్ వెర్షన్ బ్యాకప్‌లోనిదానికంటే పాతది కాకూడదు. మా పాతదాంట్లో ఐప్యాడ్‌ఓఎస్ 17, కొత్తదాంట్లో 18, అందుకని ఇబ్బంది రాలేదు. ఈసారి రెండు గంటలకి పైనే పట్టింది. పాస్‌వర్డ్స్ యాప్ తెరిస్తే 71. వై-ఫై కూడా అడగకుండానే కలిసింది.

71లో 46 నేరుగా పనిచేశాయి. 14 జనవరిలో మేమే మార్చేసినవి. 11 ఎక్కడా పనికిరాలేదు, ఎప్పుడో మార్చి సేవ్ చేయనివో, మూతపడ్డ సైట్లవో. ఆగస్టు 18 తర్వాత పెట్టినవి ఎలాగూ లేవు. పాస్‌వర్డ్ తర్వాత అడిగే రెండో మెట్టు కోడ్‌లు ఇచ్చే ఆథెంటికేటర్ యాప్ వచ్చింది గానీ లోపల ఖాళీ. కొన్ని యాప్‌లు తమ రహస్యాలని "ఈ పరికరం దాటొద్దు" అనే గుర్తుతో దాచుకుంటాయి, అవి తాళం వేసిన బ్యాకప్‌తో కూడా ఇంకో ట్యాబ్‌లోకి రావు. దాని మీద ఆధారపడ్డ ఖాతాలు రెండు, వాటి సంగతి ఇంకా నడుస్తోంది.

పాత మెయిల్‌ని కొత్త ట్యాబ్‌లో తెరవలేదు. కొత్త పరికరం అని పాత నంబర్‌కి కోడ్ పంపుతానంటుందేమోనని భయం. 16న పొద్దున, నాన్న అప్పుడప్పుడూ ఆ మెయిల్ చూసుకున్న లాప్‌టాప్ మీదే, ఇంటి వై-ఫై మీదే, పాస్‌వర్డ్ కొట్టాను. కోడ్ అడగలేదు, తెరుచుకుంది. ముందు ఫోన్ నంబర్ మార్చి, ఆ తర్వాతే నాన్నని పిలిచాను. కళ్లద్దాలు తెచ్చుకుని కూర్చుని, ఎవరిదో 2009 నాటి ఉత్తరం తెరిచి, మధ్యాహ్నం భోజనానికి పిలిచేదాకా లేవలేదు.

సాయంత్రం బ్యాకప్ పాస్‌వర్డ్‌ని కాగితం మీద రాసి ఆయన ముందు పెట్టాను. కాగితాన్ని దూరంగా పట్టుకుని, దగ్గరగా పట్టుకుని చూశారు.

"రాసే తీరు నాదేనమ్మా," అన్నారు. "కానీ నేను పెట్టలేదు."